లెక్కకు రాని మండలు

తెలంగాణ సాయుధ పోరాటాన్ని మనం భూమి కథగా, గింజ కథగా చదువుకున్నాం. జనగామ ప్రాంతంలోని కడవెండిలో 1946 జూలై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు బలైన దొడ్డి కొమరయ్య గొర్రెలు కాసే కురుమ కులస్థుడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ అదే దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పంట దక్కించుకుంది. మేతకూ చరిత్ర ఉంది. మేత పన్ను పుల్లరిని ధిక్కరించి పలనాడులో కన్నెగంటి హనుమంతు 1922లో నేలకొరిగాడు. ఈ కథల్లో గడ్డి ఉంది, అడవి ఉంది. దోటితో కొమ్మ వంచి, మండలు కొట్టి, మోపు నెత్తిన పెట్టుకొచ్చి కొట్టంలోని మేకకూ, ఈనిన బర్రెకూ వేసిన స్త్రీ మాత్రం లేదు.

ఎండాకాలం ఈ మెట్టల్లో గడ్డి మాడిపోతుంది. వరిగడ్డిలో మాంసకృత్తులు తక్కువ. అప్పుడు ఆదుకునేవి లోతుగా వేళ్లు దిగిన రావి, మేడి, వేప, తుమ్మ. సుబాబుల్ ఆకులో మాంసకృత్తులు దండిగా ఉన్నా, మైమోసిన్ అనే విషపదార్థం కూడా ఉంది కనుక అదొక్కటే మేపకూడదు. ఏ ఆకు, ఎంత, దేనితో కలిపి వేయాలన్నది చదువు కాక మరేమిటి? మహబూబాబాద్, భూపాలపల్లి అడవి అంచుల్లో దీనికి చట్టం భయం కూడా తోడవుతుంది. 1967 అటవీ చట్టం రిజర్వు అడవిలో మేపడాన్నీ, కొమ్మలు నరకడాన్నీ నేరాల్లో చేర్చింది. మేపుకునే హక్కును అటవీ హక్కుల చట్టం 2006లో గానీ గుర్తించలేదు.

సాహిత్యం చదువుకున్నదాన్ని కనుక నా చూపు మాటల మీదకే పోతుంది. జాతీయ నమూనా సర్వేలో 93 అనే కోడ్ ఉంది. ఇంటిపని చేసుకుంటూ కూరగాయలు, కట్టెలు, పశువుల మేత ఉచితంగా సేకరించుకునేవారు అందులోకి వస్తారు. ఇలా పని పేరు చెప్పి మరీ వాళ్లను శ్రామికశక్తి బయట నిలబెట్టారు. 1991 జనగణన కూలి లేని కుటుంబ శ్రమ గురించి అడిగింది. 2001లో ఇంటి వాడకానికి చేసే పాల ఉత్పత్తి కూడా పని అయింది. అంటే పాలు పని, ఆ పాలకు ఆధారమైన ఆకు తేవడం పని కాదు! ఆ ఆకు తెచ్చే చేతులు ఎవరివో మనకు తెలుసు.

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర'లో పోరాట స్త్రీల గొంతులను మనకు వినిపించింది. ఆ దారిలో ఇంకా వెళ్లాల్సిన ఊళ్లున్నాయి. అక్కడి అవ్వలను పోరాటం గురించి అడిగేటప్పుడు ఇంకో ప్రశ్న కూడా అడుగుదాం: "కరువు ఎండల్ల మీ మేకలు ఏం తిన్నయవ్వా, ఎవరు తెచ్చేటోళ్లు?"