పుల్లరి: గడ్డికి పన్ను, పుట్టుకకి ముద్ర



పల్నాడు అనగానే మీకేం గుర్తొస్తుంది? బ్రహ్మనాయుడు, నాగమ్మ, కారంపూడి, కోడిపందెం. లేదా సినిమాల్లో చూపించే సుమోలు, బాంబులు. మాది నరసరావుపేట. బీటెక్ అయ్యాక సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరితే టీమ్‌లో నన్నడిగిన మొదటి ప్రశ్న, "మీ దగ్గర బాంబులేస్తారంట కదా బ్రో?" అని. ఊరి పేరు చెప్తే చాలు, మనిషి మీద ముద్ర పడిపోతుంది. ఈరోజు టాపిక్ అదే. అలాంటి ముద్రల్ని చట్టంగా రాసి, స్టాంపు వేసి మన మీద అమలు చేసిన కాలం గురించి మాట్లాడుకుందాం.

పుల్లరి అనే మాట విన్నారా? పుల్లరి అంటే అడవిలో పశువుల్ని మేపుకున్నందుకు కట్టాల్సిన పన్ను. ఇప్పుడు మాచర్ల, గురజాల వైపు వెళ్తే సాగర్ కుడికాలువ నీళ్లు కనిపిస్తాయి. కానీ సాగర్ డ్యాం పని మొదలైందే 1955లో. అంతకుముందు ఇది మెట్ట ప్రాంతం, రాళ్ల నేల. వాన పడితే పంట, లేకపోతే పశువే దిక్కు. ఆ పశువుకి అడవే దిక్కు. మేత, వంటచెరకు, నాగలికి కర్ర, అన్నీ అక్కడినుంచే రావాలి.

మరి ఆ అడవి ఎవరిది? ఇక్కడ ఒక్క సంవత్సరం గుర్తుపెట్టుకోండి: 1871. ఆ ఏడాది మద్రాసు రెవెన్యూ బోర్డు, అంటే ప్రభుత్వం సొంత ఆఫీసే, ఒక మాట రాసింది. ఈ ప్రెసిడెన్సీలో దాదాపు ప్రతి అడవీ ఏదో ఒక గ్రామం హద్దుల్లోనే ఉంది, వాటి మీద ప్రభుత్వం యజమాని హక్కు చూపించిన దాఖలా లేదు అని. అదే ఏడాది పశువుల అతిక్రమణ చట్టం వచ్చింది. పశువు హద్దు దాటితే బందెలదొడ్డిలో పెడతారు, జరిమానా కడితేనే వదుల్తారు. మళ్లీ అదే ఏడాది నేరస్థ తెగల చట్టం కూడా వచ్చింది. దాని సంగతి తర్వాత చెప్తాను.

రెవెన్యూ బోర్డు మాట నిలబడలేదు. రైల్వే స్లీపర్లకి కలప కావాలి, ఖజానాకి డబ్బు కావాలి. 1882లో మద్రాసు అటవీ చట్టం తెచ్చారు. నిన్నటిదాకా ఊరి అడవి, ఇవాళ రిజర్వ్ ఫారెస్ట్. నిన్నటి హక్కు ఇవాళ పర్మిట్ అయింది.

ఇందులో జాతి ఆధిక్యత ఎక్కడుంది, ఇది డబ్బు యవ్వారమే కదా అనిపించొచ్చు. డబ్బు యవ్వారమే. కానీ పక్కవాడి సొమ్ము తీసుకునేవాడికి నిద్ర పట్టాలంటే ఒక కథ కావాలి. "వీళ్లకి అడవి విలువ తెలీదు, పాడు చేసేస్తారు, మేమైతే శాస్త్రీయంగా చూసుకుంటాం." కథ ఇదే. ఎదుటోడు తెలివి లేని పిల్లాడు, మనం పెద్దమనిషి. అలా అనుకుంటే దోపిడీకి బాధ్యత అని పేరు పెట్టుకోవచ్చు.

ఈ కథ ఎంత బలంగా ఉండేదో చెప్పడానికి ఒక ఉదాహరణ. 1883లో ఇల్బర్ట్ బిల్లు వచ్చింది. జిల్లాల్లో భారతీయ జడ్జీలు కూడా తెల్లవాళ్ల మీద కేసులు విచారించొచ్చు అనేదే దాని సారాంశం. ఇక్కడి తెల్లవాళ్లు దేశమంతా గోల చేశారు. చివరికి, సగానికి తక్కువ కాకుండా తెల్లవాళ్లున్న జ్యూరీని కోరుకునే హక్కు నిందితుడికి ఇచ్చాకే అది చట్టమైంది.

ఇప్పుడు పల్నాడుకి వద్దాం. 1921, సహాయ నిరాకరణ రోజులు. ఇక్కడి రైతులు పుల్లరి కట్టం అన్నారు. అధికారుల్ని ఊళ్లకి ఊళ్లు బహిష్కరించాయి. పరిస్థితి చూద్దామని వచ్చిన కాంగ్రెస్ నాయకుడు ఉన్నవ లక్ష్మీనారాయణ గారిని జైల్లో పెట్టారు. దుర్గి దగ్గర మించాలపాడులో ఈ పోరాటాన్ని నడిపినాయన కన్నెగంటి హనుమంతు. పోరాటం మధ్యలో ఉండగానే, చౌరీచౌరా ఘటన తర్వాత, 1922 ఫిబ్రవరి 12న బార్డోలీలో ఉద్యమం ఆపాలని తీర్మానం అయింది. అదే నెలలో, ఆ తీర్మానం తర్వాతే, మించాలపాడులో పోలీసు కాల్పుల్లో హనుమంతు చనిపోయారు. దేశంలో పెద్ద ఉద్యమం ఆగింది కానీ పశువు ఆకలి ఆగదు కదా.

ఒక నిజం దాచకూడదు. పుల్లరి వసూలు చేసింది తెల్లదొర ఒక్కడే కాదు. పర్మిట్ రాసినోడు, పశువుని తోలుకెళ్లినోడు, తుపాకీ పట్టినోడు, వీళ్లలో ఎక్కువమంది మనోళ్లే. సామ్రాజ్యం మనలో అప్పటికే ఉన్న ఎచ్చుతగ్గుల మెట్ల మీద నుంచే పైకెక్కింది. ఉన్నవ గారికి ఇది బాగా తెలుసు. ఆయన రాయవెల్లూరు జైల్లో కూర్చుని రాసిన నవల 'మాలపల్లి'. మాల కుటుంబం చుట్టూ తిరిగే కథ. తెల్లవాడి అన్యాయం గురించీ, ఊరు వాడకి చేసే అన్యాయం గురించీ ఒకే పుస్తకంలో మాట్లాడారు. ప్రభుత్వం దాన్ని నిషేధించింది.

ఇప్పుడు ఆ రెండో చట్టం, నేరస్థ తెగల చట్టం. దీని లాజిక్ వినండి. వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, అలాగే దొంగ కొడుకు దొంగే అవుతాడు. కాబట్టి కొన్ని కులాల్ని మొత్తంగా పుట్టు నేరస్థులని నమోదు చేసేయాలి. మన కులం లెక్కనీ, వాళ్ల జాతి లెక్కనీ కలిపి వండిన వంట ఇది. 1911లో కొత్త చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల లాంటి సమూహాలు దాని కింద పడ్డాయి. పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా పుట్టిన సెటిల్మెంటే. సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. పేరు హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారిది.

సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, డేటాబేస్‌లో మనిషి రికార్డు క్రియేట్ అవ్వగానే "నేరస్థుడు" అనే కాలమ్‌లో డిఫాల్ట్‌గా "అవును" అని పడిపోతుంది. మార్చుకునే బటన్ మాత్రం వాళ్ల చేతిలో ఉండదు.

1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం పోయింది. ముద్ర పోయిందా? 1991లో 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్', 2023లో 'టైగర్ నాగేశ్వరరావు'. ఊరి పేరుకి ఇంకా దొంగతనంతోనే మార్కెట్ ఉంది. అక్కడి కుర్రాడు ఇంటర్వ్యూలో ఊరి పేరు చెప్పాలంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నన్నడిగిన బాంబుల జోకు దాని ముందు ఎంత?

అడవి సంగతికొస్తే, 2006లో మన పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. అడవిని నమ్ముకున్నవాళ్లకి చారిత్రక అన్యాయం జరిగిందని ఆ చట్టమే ఒప్పుకుంది. మంచిదే. కానీ గిరిజనేతరులైతే 2005 డిసెంబర్ 13 నాటికి మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే బతికినట్టు ఆధారం చూపాలి. లెక్క వేయండి. ఆ 75 ఏళ్లు మొదలయ్యేది 1930లో, పుల్లరి పోరాటం అయిన ఎనిమిదేళ్లకి. అప్పట్లో తాత పేరు మీద కాగితం ఇవ్వాల్సింది ఎవరు? హక్కు లాక్కున్న ఆ ప్రభుత్వమే. వాళ్లు ఇవ్వని కాగితం కోసం మనవడు ఇవాళ ఆఫీసుల చుట్టూ తిరగాలి. అసమానత వారసత్వంగా వచ్చేది ఇలాగే. దొర వెళ్లిపోయాడు, ఫైలు మిగిలింది.

పల్నాడులో ఇంకో పాత మాట ఉంది, చాపకూడు. కులం చూడకుండా అందర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు అన్నం పెట్టాడని చెప్పుకుంటాం. ఆ కథ గర్వంగా చెప్పుకునే మనం, పక్కోడి ఊరి పేరు, కులం పేరు వినగానే మనసులో ఏం టైప్ చేసుకుంటున్నామో ఒక్కసారి చూసుకుందాం. తెల్లవాడి కథని తప్పు అంటూ, అదే కథని వేరే పేర్లతో మనం నడిపితే హనుమంతు పోరాటానికి అర్థం లేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే పుల్లరి గురించి, బందెలదొడ్డి గురించి అడగండి. వాళ్లు చెప్పింది ఫోన్‌లో రికార్డ్ చేసి దాచుకోండి. కాగితం లేనోళ్లకి ఆ మాటే సాక్ష్యం.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.