గన్నవరం–డాలస్ విమాన దూరం, ప్రయాణ కాలం

ఎన్టీఆర్ జిల్లా మైలవరం, చుట్టుపక్కల ఊళ్ల వారికి దగ్గరి విమానాశ్రయం గన్నవరంలోని విజయవాడ విమానాశ్రయం. అక్కడికి రోడ్డు మీద గంటకు పైగా పడుతుంది. తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన అమెరికా నగరాల్లో ఒకటైన డాలస్‌కు గన్నవరం నుంచి గగనతల దూరం దాదాపు 14,500 కిలోమీటర్లు. గన్నవరం 80.8 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, డాలస్–ఫోర్ట్‌వర్త్ 97 డిగ్రీల పడమటి రేఖాంశం మీద ఉన్నాయి; అంటే భూగోళానికి ఇంచుమించు ఎదురెదురు వైపులు. అందుకే అతి దగ్గరి దారి తూర్పుకూ కాదు, పడమటికీ కాదు, నేరుగా ఉత్తరానికి! ఉత్తర ధ్రువానికి 300 కిలోమీటర్ల లోపునుంచే ఆ దారి సాగుతుంది.

ఆ దారిలో నేరుగా నడిచే విమానం మాత్రం లేదు. హైదరాబాద్, దుబాయ్ మీదుగా వెళ్తే దూరం సుమారు 15,700 కిలోమీటర్లు. చుట్టు పెద్దదేమీ కాదు. గాలిలో గడిచేది దాదాపు 21 గంటలు, అందులో దుబాయ్–డాలస్ ఒక్కటే 16. కాలాన్ని మింగేది మజిలీలే: వాటితో కలిపి 25 నుంచి 30 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. తిరుగు ప్రయాణంలో పడమటి గాలుల తోడుతో దుబాయ్ దాకా గంటకు పైగా కలిసివస్తుంది. టికెట్ మీది వేళలు స్థానిక కాలమానంలో ఉంటాయి కనుక ప్రయాణ కాలం కోసం వాటిని ఒకదానిలోంచి ఒకటి నేరుగా తీసివేయకూడదు. డాలస్ మనకంటే వేసవిలో పదిన్నర, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనుక.