రహీం శిక్షణలో రాణించిన సిటీ పోలీస్‌ జట్టు

హైదరాబాద్‌ సిటీ పోలీస్‌ ఫుట్‌బాల్‌ జట్టు కోచ్‌ బాధ్యతలను 1950లో సయ్యద్‌ అబ్దుల్‌ రహీం చేపట్టారు. 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించిన ఆయన విద్యార్థిగా ఉస్మానియా విశ్వవిద్యాలయ జట్టుకు ఆడారు. పట్టభద్రుడైన తర్వాత నగరంలోని పాఠశాలల్లో ఉపాధ్యాయునిగా పనిచేశారు.

తొలి ఏడాదే రెండు కప్పులు: 1950లోనే ఈ జట్టు బొంబాయిలో రోవర్స్‌ కప్‌ను, ఢిల్లీలో డ్యూరాండ్‌ కప్‌ను గెలుచుకుంది. డ్యూరాండ్‌ ఫైనల్లో కలకత్తాకు చెందిన మోహన్‌ బగాన్‌ను ఓడించింది. 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్‌ కప్‌ సిటీ పోలీస్‌దే.

శిక్షణ తీరు: ఒక్కరే బంతిని అట్టిపెట్టుకోకుండా వెంటనే సహచరునికి అందించాలన్నది రహీం సూత్రం. ఇందుకోసం డ్రిబ్లింగ్‌ను నిషేధించి పోటీలు నిర్వహించారు. అలవాటు లేని కాలితోనే బంతిని తన్నాలనే నిబంధనతోనూ ఆడించారు.

భారత జట్టుకు సేవలు: రహీం శిక్షణలో భారత్‌ 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయినా, 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానానికి ఎదిగింది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో నెగ్గింది. ఏడాదైనా తిరగకముందే, 1963 జూన్‌ 11న, రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఆ తర్వాత స్వర్ణం దక్కలేదు.