పెద్ద వరదనాటి పిల్లాడు

ఆ పుల్ల మంటలోకి ఎగదొయ్యరా. అమ్మడూ, నువ్వు ఇటు జరుగు, పొగ కళ్ళల్లో పడుతుంది. పుట్టినరోజుల సంగతి అడిగారు కదా, చెబుతా వినండి.

మా రోజుల్లో పుట్టినరోజంటే తారీఖు కాదు, తిథి. నేను విజయ నామ సంవత్సరం శ్రావణ శుద్ధ సప్తమినాడు పుట్టాను. అంటే 1953 ఆగస్టు. గోదావరికి పెద్ద వరద వచ్చింది ఆ నెలలోనే. మా అమ్మ ఏనాడూ సంవత్సరం పేరు చెప్పేది కాదు, "పెద్ద వరదనాటి పిల్లాడు" అనేది. ఊరందరిదీ అదే లెక్క. ఒకడు నాట్లప్పుడు పుట్టాడు, ఒకత్తె కోతలప్పుడు. దివిసీమ చుట్టాల్లో 1977 ఉప్పెననాటి పిల్లలున్నారు.

జాతకాలు రాయించుకునే ఇళ్ళల్లో మంత్రసాని కేకేయగానే మగవాళ్ళు పొద్దు చూసి ఘడియలు గుర్తుపెట్టుకునేవారు. ఘడియంటే 24 నిమిషాలు. కూలినాలి చేసుకునే ఇళ్ళల్లో ఆ ముచ్చటా లేదు. బడిలో వేసేటప్పుడు మేష్టారు పిల్లాణ్ణి ఎగాదిగా చూసి, ఐదేళ్ళు నిండాయనుకుని, జూలై 1 అని రాసేసేవారు. నా కాగితాల్లోనూ అదే తారీఖు. మా ఈడువాళ్ళలో చాలామందికి అంతే. దేశమంతటికీ ఒకే జనన మరణాల నమోదు చట్టం 1969లోగానీ రాలేదు మరి.

పుట్టినరోజునాడు తెల్లారకముందే అమ్మ లేపేది. మాడున నువ్వులనూనె పెట్టి, ఒంటికి నలుగు రుద్ది, కుంకుడురసంతో తలంటేది. కళ్ళు మండి ఏడ్చినా వదిలేది కాదు. కొత్త చొక్కా అంచుకి పసుపు రాసి తొడిగేది. పీటమీద కూర్చోబెట్టి బొట్టుపెట్టి హారతిచ్చేది. పాలల్లో బెల్లమూ నువ్వులూ కలిపి, మార్కండేయుణ్ణి తలుచుకుని తాగమనేది. పదహారేళ్ళకే ఆయువు తీరాల్సిన పిల్లాడు శివుణ్ణి పట్టుకుని చిరంజీవి అయ్యాడు కదా, అందుకని. తర్వాత పెద్దల కాళ్ళకి దండం పెడితే అక్షింతలు వేసి నూరేళ్ళు చల్లగా ఉండమనేవారు. పరమాన్నం సరేసరి. పిల్లలు పురిట్లోనే పోతున్న కాలంరా అది. ఒక ఏడు గడిచిందంటే తల్లికి నిజంగా పండగే.

పెద్దయ్యాక ఈ సందడి తగ్గిపోయేది. మళ్ళీ ఘనంగా చేసేది షష్టిపూర్తికే. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై కదా, పుట్టిన ఏడాది పేరు అరవై ఏళ్ళకిగానీ తిరిగి రాదు. నా విజయ 2013లో వచ్చింది. ఆ ఏడు మీ నాయనమ్మ మెడలో మళ్ళీ తాళి కట్టాను.

ఇక మీ కేకూ కొవ్వొత్తులూ 18వ శతాబ్దంలో జర్మనీవాళ్ళు పిల్లల పుట్టినరోజులకి చేసుకున్న వేడుక. మీరు పాడే "హ్యాపీ బర్త్‌డే" పాట బాణీ అమెరికాలో లూయీవిల్ అక్కచెల్లెళ్ళు ప్యాటీ హిల్, మిల్‌డ్రెడ్ హిల్ కట్టింది. 1893లో అచ్చయినప్పుడు అది బడిపిల్లల్ని పొద్దున్నే పలకరించే పాట. పిల్లల కోసం పుట్టినవే, మంచివే. కోసుకోండి, పాడుకోండి. తలంటు మాత్రం మానకండి.

ఇంకొక్క మాట. మీ నాయనమ్మ కార్డుమీద ఉన్నదీ జూలై 1వ తారీఖే. ఆవిడ నిజంగా పుట్టింది ఏ మాసమో, ఏ తిథో, ఆనాడు ఊళ్ళో ఏం జరిగిందో రేపు పొద్దున్నే అడిగి, ఒక పుస్తకంలో రాసిపెట్టండి.