సంఘంలో తగవుల పరిష్కారం (కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలు)

విశ్వాసుల మధ్య తగవు పుడితే కోర్టు మెట్లెక్కక ముందే సంఘంలో తేల్చుకోవాలన్న నియమం క్రైస్తవ సమాజంలో తొలి శతాబ్దం నుంచీ ఉంది. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో దీన్ని పాటించే సమాజాలు ప్రధానంగా మూడు: వెస్లియన్ మెథడిస్టు మిషన్ వారసత్వం గల సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) సంఘాలు, కథోలిక మేత్రాసనాలు, స్వతంత్ర సంఘాలు. ఇరుపక్షాలూ ఇష్టపడి వచ్చినప్పుడు, తీర్పు ఒక్కరి గుప్పిట్లో లేనప్పుడు, నేరం జోలికి పోనప్పుడు మాత్రమే ఈ పద్ధతి న్యాయం చేయగలదు. దాని మూలగ్రంథాలూ, ఈ ప్రాంతపు చరిత్రా ఈ మాటనే బలపరుస్తున్నాయి.

మూలాలు

మత్తయి సువార్త 18వ అధ్యాయం (15–17) మూడు మెట్లు చెబుతుంది: మొదట తప్పు చేసినవాడితో ఏకాంతంగా మాట్లాడాలి, వినకుంటే ఒకరిద్దరు సాక్షులను తీసుకుపోవాలి, అప్పటికీ వినకుంటే సంఘానికి చెప్పాలి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయంలో పౌలు సహోదరులు ఒకరిమీద ఒకరు వ్యాజ్యెమాడటాన్ని గట్టిగా మందలించాడు. అక్కడి తగవులు ఏమిటన్నది వివాదాస్పదం. మోసపోయినా సహించమని ఆయన అనడాన్ని బట్టి అవి అప్పు, ఆస్తి వంటివన్న అభిప్రాయమే సమంజసంగా తోస్తుంది. అంతకు ముందరి అధ్యాయంలోనే ఘోరమైన లైంగిక తప్పిదం ప్రస్తావనకు వస్తే పౌలు రాజీ మాట ఎత్తలేదు, దోషిని వెలివేయమన్నాడు. నాలుగో శతాబ్దంలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి బిషప్పుల తీర్పులకు రాజ్య గుర్తింపు ఇచ్చాడు. 1743లో జాన్ వెస్లీ తన సొసైటీలకు రాసిన సాధారణ నియమాల్లో సహోదరుడు సహోదరుడిపై వ్యాజ్యెం వేయడం నిషేధాల జాబితాలో ఉంది.

వెస్లీ నియమం నిజాం రాజ్యానికి మిషనరీలతో వచ్చింది. వెస్లియన్ మిషన్ కరీంనగర్‌లో 1880ల ప్రాంతంలో స్థిరపడింది. సంఘాల్లో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. వారికి కులపెద్దల పంచాయితీ కొత్త కాదు. అందుకే సంఘ పెద్దల తీర్పును క్రైస్తవ బోధ తెచ్చిన కొత్త క్రమశిక్షణగా చూసేవారూ ఉన్నారు, పాత పంచాయితీ కొనసాగింపుగా చూసేవారూ ఉన్నారు. మెదక్ జిల్లా వడియారం ప్రాంతపు గ్రామ సంఘాలపై పి.వై. లూక్, జాన్ కార్మన్‌లు 1968లో ప్రచురించిన అధ్యయనం పల్లె క్రైస్తవులు పాత లోకంలోనూ కొత్త లోకంలోనూ కలిసి బతికారని చూపింది. కరీంనగర్‌కూ ఇది చాలా మేరకు వర్తిస్తుందనుకోవచ్చు. అయినా తేడా చిన్నది కాదు. కుల పంచాయితీ చివరి ఆయుధం జరిమానా, వెలి. సంఘపు చివరి చర్య ప్రభు భోజనానికి దూరం పెట్టడం. పశ్చాత్తాపపడితే అది తొలగుతుంది, మనిషి తిరిగి కలుస్తాడు.

నిర్వహణ

కరీంనగర్ సి.ఎస్.ఐ. డయాసిస్ 1978లో దోర్నకల్ నుంచి విడివడింది. ఆదిలాబాద్ సంఘాలు మెదక్ డయాసిస్ పరిధిలోవి. రెండు చోట్లా తగవు సాధారణంగా గురువు, పాస్టరేట్ కమిటీ దగ్గర మొదలై, తేలకపోతే డయాసిస్‌కు చేరుతుంది. కథోలికుల్లో పాత కరీంనగర్ జిల్లా 1952లో ఏర్పడిన వరంగల్ మేత్రాసనం కిందిది, లాటిన్ సంప్రదాయానిది. మంచిర్యాల కేంద్రంగా 1999లో ఏర్పడిన ఆదిలాబాద్ మేత్రాసనం సీరో మలబార్ సంప్రదాయానిది. మొదటిదానికి 1983 నాటి ధర్మస్మృతి, రెండోదానికి 1991లో అమలులోకి వచ్చిన ప్రాచ్య ధర్మస్మృతి వర్తిస్తాయి. స్మృతులు వేరైనా ఆజ్ఞ ఒకటే: దైవప్రజల మధ్య వ్యాజ్యాలు రాకుండా విశ్వాసులంతా, ముఖ్యంగా బిషప్పులు, ప్రయత్నించాలి (కానను 1446, కానను 1103). స్వతంత్ర సంఘాల్లో చాలావాటికి పైస్థాయి అప్పీలు లేదు. పాస్టరు మాటే చివరిమాట అయ్యే ప్రమాదం అక్కడ ఎక్కువ.

పరిమితులు, అభ్యంతరాలు

సంఘంలో కుదిరిన రాజీ దానంతట అది కోర్టు డిక్రీ కాదు. భూమి, బాకీ వంటి విషయాల్లో ఒప్పందాన్ని 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం కింద లోక్ అదాలత్ ముందు పెట్టి అవార్డు పొందితే దానికి డిక్రీ బలం వస్తుంది. చర్చి ట్రిబ్యునల్ వివాహాన్ని రద్దుచేసినా పౌర చట్టం దృష్టిలో ఆ వివాహం రద్దు కాదని సుప్రీంకోర్టు 1996లో మోలీ జోసెఫ్ కేసులో తేల్చింది.

ఈ పద్ధతి నేరాలను కప్పిపెడుతుందన్నది మొదటి అభ్యంతరం. అది న్యాయమైనదే. పిల్లలపై లైంగిక నేరం గురించి తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం శాసిస్తోంది. అక్కడ రాజీకి తావే లేదు, పౌలు మాటల్లోనూ అందుకు ఆధారం లేదు. పెద్దల ముందు బలహీనుడికి, ముఖ్యంగా స్త్రీకి, నోరు పెగలదన్నది రెండోది. ఈ భయానికీ ఆధారం ఉంది. అయితే మత్తయి చెప్పిన మెట్లు ఆగేది గురువు గదిలో కాదు, సంఘమంతటి ఎదుట. స్త్రీలు లేని కమిటీలో, సాక్షులు లేని చోట తేల్చిన తగవు ఆ క్రమాన్ని పాటించినట్టు కాదు. సి.ఎస్.ఐ. అత్యున్నత సభ అయిన సినడ్ ఎన్నికల వివాదాలే మద్రాసు హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు చేరాక పల్లె విశ్వాసికి వ్యాజ్యెం వద్దని చెప్పే అర్హత ఎవరికుందన్నది మూడోది. తీర్పు చెప్పాల్సినవారే తగవులో పక్షమైనప్పుడు బయటి న్యాయమూర్తి తప్పడు. దాన్నిబట్టి తేలేది రాజీ పద్ధతి పనికిరాదని కాదు, తటస్థుడు లేనిదే అది నిలవదని. పాస్టరేట్ స్థాయిలోనే ఇరుపక్షాలూ ఒప్పుకున్న పెద్దలను ఎంచుకుని, ఒప్పందాన్ని రాతలో పెట్టి, ఇష్టం లేనివారికి కోర్టు దారి తెరిచి ఉంచిన సంఘమే ఈ పాత నియమాన్ని నిజంగా పాటిస్తున్నట్టు.