పంటి గుంటకు ఎముక అంటు

మా రుద్రంగిలో పెద్దవారికి పన్ను కదిలితే వయసు మీద పడ్డదంటారు. తప్పు వయసుది మాత్రమే కాదు. పన్ను దవడలో మేకువలె దిగగొట్టి ఉండదు. పంటి వేరుపైన సిమెంటం అనే పలుచని పొర, దానికి ఎదురుగా దవడ ఎముక, ఈ రెండింటి నడుమ సన్నని నారలు ఉంటవి. చిగురు క్రింద పాచి, గార చేరి ఏండ్ల తరబడి వాపు నిలిస్తే నారలు తెగి, ఎముక కరిగి, వేరు ప్రక్కన గుంట పడుతుంది. ఎముక పోయినచోట ఎముకనే పెట్టరాదా?

హాలెండు శస్త్రవైద్యుడు యోబ్ వాన్ మేకెరెన్ గ్రంథం 1668లో వెలువడినది. రష్యా ప్రభువొకని పుర్రెకు కుక్క ఎముకను అతికించిన వృత్తాంతం అందులో ఉన్నది. మతాధికారులు ఆగ్రహించగా దానిని తీయబోతే అప్పటికే అతుక్కుపోయినదట! ఇది విన్న కథ. గట్టి సాక్ష్యం 1881 నాటిది. గ్లాస్గోలో విలియం మాకెవెన్, చీముపట్టి పోయిన ఒక బాలుని చేతి ఎముక స్థానంలో, ఇతర రోగుల వంకర కాళ్ళు సరిచేసేటప్పుడు తీసిన ఎముక ముక్కలను అమర్చి ఆ చేతిని నిలిపినాడు. 1923లో హెగెడూష్ ఈ ఉపాయాన్ని దంతవైద్యానికి తెచ్చి, రోగి కాలి ఎముకను తీసి దవడలో పెట్టినాడు. పంటి కోసం కాలు కోయించుకొనేవారు ఎందరుంటారు?

1965లో నేబర్స్, ఓలియరీ అనే వారు నోటిలోని దవడ ఎముక నుండే తురుము తీసి గుంటలు నింపినారు. అదే సంవత్సరం మార్షల్ యూరిస్ట్ ఎముకలోని ఖనిజ లవణాలను ఆమ్లంతో తొలగించి, మిగిలిన భాగాన్ని జంతువుల కండరాలలో పెట్టినాడు. కండరంలో క్రొత్త ఎముక పుట్టినది! ఎముక తురుము గుంట పూడ్చే మట్టి మాత్రమే కాదు, కణాలచేత ఎముక కట్టించే ప్రోటీనులు అందులో ఉన్నవి.

ఇటువంటి ప్రయోగాలలో క్రొత్త ఎముకను పోల్చుకొనుటకు ఒక చక్కని సాధనం ఉన్నది. టెట్రాసైక్లిన్ జాతి మందులు అప్పుడే ఏర్పడుతున్న ఎముకలో చేరి, అతినీలలోహిత కాంతిలో పసుపుపచ్చగా మెరుస్తవి. ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లెడర్లీ పరిశోధనాలయం నుండి వెలువడినది. అప్పుడు అక్కడి పరిశోధనలకు అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఐనా చిక్కు తీరలేదు. ఎక్స్‌రేలో గుంట పూడినట్లు కనబడినంత మాత్రాన పన్ను ఎముకకు అతికినట్లు కాదు. విడిచిన మడిలో వరికంటె ముందు గరిక అల్లుకొన్నట్లు, చిగురు పైపొర త్వరగా పెరిగి వేరు వెంట దిగి, నారలకు చోటు లేకుండ చేస్తుంది. వేరును ఏ కణాలు ముందుగా చేరితే మాన్పు ఆ విధంగానే ఉంటుందని 1976లో మెల్చర్ సూచించినాడు. 1982లో స్వీడనులో నైమన్ బృందం ఒక రోగి క్రింది ముందుపంటి వేరును పలుచని వడపోత పొరతో కప్పి, చిగురును తాకనీయలేదు. ఎముక తురుము వేయకయే మూడు నెలలలో క్రొత్త సిమెంటం, అందులో నాటుకొన్న నారలు కనబడినవి.

అట్లయితే తురుము దండుగా? కాదు. అమెరికాలో బవర్స్ బృందం 1989లో, ఎట్లూ తీయవలసిన పళ్ళ చుట్టు గుంటలలో, లవణాలు తీసిన మానవ ఎముక పొడిని వేసి, ఆరు నెలల తర్వాత సూక్ష్మదర్శినిలో పరీక్షించినది. పొడి వేసినచోట క్రొత్త ఎముక, సిమెంటం, నారలు మూడూ ఏర్పడినవి. నేడు పశువుల ఎముక ఖనిజాన్ని, కృత్రిమ కాల్షియం ఫాస్ఫేటును కూడ వాడుతున్నారు. చుట్టు ఎముక గోడలు నిలిచిన ఇరుకు గుంటలో అంటు బాగా పడుతుంది. ఎముక అంతా సమంగా తరిగిన చోట దానికి ఆనిక దొరకదు.