తోట ఆసుపత్రి నుండి క్లినిక్ దేశా వరకు: నర్సుల సేవ

మలయా రబ్బరు, కొబ్బరి తోటలలో పనిచేసిన మన పూర్వికులను మలేరియా ఎంతగానో పీడించింది. తోటకు వైద్యుడు అప్పుడప్పుడు మాత్రమే వచ్చేవాడు. గాయాలకు కట్టు కట్టడం, క్వినైన్ ఇవ్వడం వంటి నిత్యసేవలను ‘డ్రెస్సర్’ అనే ఉద్యోగి చూసేవాడు. పురుడు పోయడం మంత్రసాని బాధ్యత. 1966 నాటి మంత్రసానుల చట్టం ఆ వృత్తికి నమోదు విధానాన్ని నిర్దేశించింది.

1957లో స్వాతంత్ర్యం వచ్చిన తరువాత పల్లెలలో ‘క్లినిక్ దేశా’ అనే చిన్న ఆరోగ్య కేంద్రాలు విస్తరించాయి. మలయ్ భాషలో ‘దేశా’ అనగా పల్లె. మన ‘దేశం’ వలెనే అదియు సంస్కృతం నుండి వచ్చినదే.

ఈ కేంద్రాలకు ఆధారం సముదాయ నర్సులు. గర్భిణులను పరీక్షించడం, శిశువులకు టీకాలు వేయడం, బాలింతను, అనగా కొత్తగా ప్రసవించిన తల్లిని, ఇంటికి వెళ్లి చూడడం వారి విధులు. గర్భిణి ఆరోగ్య పుస్తకంపై రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు గుర్తు ఉన్న తల్లిని వెంటనే ఆసుపత్రికి పంపాలి. పసుపు గుర్తు ఉంటే వైద్యుడు చూడాలి. వైద్యుడు దూరాన ఉన్నచోట ప్రమాదాన్ని ముందుగా పసిగట్టేది నర్సే.

నేడు అనేక తోటలు కనుమరుగై, మన కుటుంబాలు పట్టణాలకు చేరాయి. తోటల యజమానుల పేర్లు దస్తావేజులలో దొరుకుతాయి; పురుడు పోసిన స్త్రీల పేర్లు పెద్దల జ్ఞాపకాలలోనే మిగిలాయి. కనుక మీ ఇంట అడగండి: “అమ్మమ్మా, నీకు పురుడు పోసిందెవరు?” ఆ పేరును తెలుగులో వ్రాసి భద్రపరచండి. మన చరిత్రలో వారికి చోటు కల్పించడం మనందరి బాధ్యత.